ఏనుగును మోసిన ఊపిరి

విజయనగరం, శ్రీకాకుళం వైపు పెరిగిన వాళ్ళకి కోడి రామ్మూర్తి నాయుడి పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. అన్నం దగ్గర పేచీ పెట్టే మగపిల్లాడికి అమ్మమ్మలు ఆయన పేరు చెప్పే ముద్దలు పెట్టేవారు. తింటే రామ్మూర్తి అంతవాడివవుతావని ఆశ చూపేవారు. ఆడపిల్లలకి మాత్రం ఆ ఆశ ఎవరూ చూపించలేదనుకోండి, మాకు చెప్పే కథలు వేరు. అందుకే కాబోలు, ఆయన గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని తెలుసుగానీ, అదెలా సాధ్యమైందన్న ఆలోచన నాకు నలభై దాటాక వచ్చింది. అదీ లక్డీకాపూల్‌లో, మా వీధి చివరి జిమ్‌లో, రోయింగ్ మిషన్ మీద కూర్చుని ఆయాసపడుతున్నప్పుడు. అప్పటినుంచి ఆయన జీవితాన్ని మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాను.

రామ్మూర్తిగారు 1882లో వీరఘట్టంలో పుట్టారు. ఆ ఊరు చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. తల్లి చిన్నప్పుడే పోయింది. తల్లి లేని పిల్లాడి అల్లరి పట్టలేక తండ్రి వెంకన్న నాయుడు ఆయన్ని విజయనగరంలో ఉన్న తమ్ముడి దగ్గరికి పంపేశారు. ఆ బాబాయి నారాయణస్వామి పోలీసు శాఖలో పనిచేసేవారు. కుర్రాడికి పుస్తకం మీద కంటే తాలింఖానా మీదే మనసు. అక్కడి మట్టిలో మొదలయ్యాయి దండీలు, బస్కీలు.

ఈ కాలం పిల్లలకి ఈ మాటలు తెలియవేమో. బస్కీ అంటే కిందకి గుంజీలా కూర్చుని లేవడం. దండీ అంటే అరచేతులు నేలకి ఆనించి, ఒళ్ళంతా పాములా వంచి లేపడం. బస్కీకి తొడలు, దండీకి భుజాలు, ఛాతీ, నడుము. ఖర్చు లేదు, సామాను లేదు. ఒంట్లోని పెద్ద కండరాలన్నీ ఈ రెండింటితోనే కదులుతాయి. రామ్మూర్తిగారి బలానికి పునాది ఇదే. దీనికి తోడు ప్రాణాయామం. ఆంజనేయస్వామి భక్తుడు, శాకాహారి. కండ పెరగాలంటే మాంసం తినాల్సిందేనని వాదించేవాళ్ళకి మా ఇంట్లో ఇప్పటికీ ఆయన పేరే జవాబు.

తర్వాత మద్రాసు వెళ్ళి సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగొచ్చి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరారు. ఆయన కథ చెప్పేవాళ్ళు చాలామంది ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేసి ఏనుగు దగ్గరికి పరుగెడతారు. నాకు మాత్రం ఇదే ఆగి చూడాల్సిన చోటనిపిస్తుంది. మొదటిరోజు చేతులు వణికే పిల్లాడు, మోకాలు వంగని పిల్లాడు, పది బస్కీలకే కూలబడే పిల్లాడు వీళ్ళంతా ఏ డ్రిల్లు మాస్టారి ముందైనా నిలబడేవాళ్ళే. మొదలుపెట్టేవాళ్ళ కష్టం దగ్గరినుంచి చూసినవాడు ఆయన. ఉత్తరాదిలో ఆయన్ని పహిల్వాన్ అనకుండా ప్రొఫెసర్ రామమూర్తి అని పిలవడం ఊరికే కాదు.

జీతం రాళ్ళతో ఆగే మనిషి కాదు. ఉద్యోగం వదిలి సర్కస్ కంపెనీ పెట్టారు. గుడారంలో ఆయన చేసినవి మూడు ఘట్టాలు జనం నోట నిలిచిపోయాయి. ఒంటికి ఇనప గొలుసు బిగించి, ఊపిరి పీల్చి ఛాతీ పొంగించి దాన్ని తెంచడం. రెండు కార్లను చెరో పక్కకీ నడిపిస్తుంటే గొలుసులతో పట్టి కదలకుండా ఆపడం. వెల్లకిలా పడుకుని, ఛాతీ మీద పలక వేయించుకుని, దాని మీదికి ఏనుగును ఎక్కించుకోవడం. పూనాలో తిలక్ మహాశయుడు మల్లమార్తాండ అని మెచ్చుకున్నారని, మన హైదరాబాదులో జగదేకవీర బిరుదు ఇచ్చారని చెబుతారు. బిరుదుల చిట్టా చాలా పెద్దది, అది అలా ఉంచుదాం.

ఏనుగు సంగతే చూద్దాం. పలక వల్ల బరువు ఒక్కచోట పడకుండా ఛాతీ అంతా పరచుకుంటుంది. అయినా పక్కటెముకలు నిలవాలి కదా. అందుకే గుండెల నిండా గాలి పీల్చి, గొంతు మూసి, కదలకుండా బిగబట్టేవారు. గాలి నింపిన టైరు లారీని మోసినట్టే, గాలి నిండిన ఛాతీ ఏనుగును మోసింది. దీన్నే వాయుస్తంభన అన్నారు. చిన్న ఎత్తున ఇది మనమూ చేస్తాం. నిండు గ్యాస్ సిలిండర్ పక్కకి జరిపేటప్పుడు తెలియకుండానే ఊపిరి బిగబడతామా లేదా? ఆ క్షణంలో రక్తపోటు అమాంతం పైకి లేస్తుంది. రామ్మూర్తిగారు ఏళ్ళ తరబడి సాధన చేసిన మనిషి. బీపీ మాత్రలు వేసుకుంటూ పిల్లల్ని స్కూలుకి పంపి జిమ్‌కి పరుగెత్తే మనం కాదు.

రోయింగ్ మిషన్ దగ్గర ఇది పట్టించుకోవాల్సిన విషయం. ఆ మిషన్‌లో కూడా చేతికందేది ఒక గొలుసే, చివర పిడి ఉంటుంది. చూడగానే తెంచేద్దామన్నంత ఊపు వస్తుంది. కొత్తగా ఎక్కినవాళ్ళు ఊపిరి బిగబట్టి చేతులతో లాగుతారు. నూతిలో చేద తోడిన అలవాటు మన ఒంట్లో ఉంది మరి. ఇక్కడ పద్ధతి వేరు. పాదాలు పట్టీల్లో బిగించి, ముందుకు జరిగి, ముందుగా కాళ్ళతో నెట్టాలి. కాళ్ళు చాపాక నడుము కొంచెం వెనక్కి వాలాలి. ఆఖరున చేతులు, పిడి పక్కటెముకల కిందికి రావాలి. తిరిగి వెళ్ళేటప్పుడు వరస తలకిందులు: చేతులు, నడుము, తర్వాతే మోకాళ్ళు. బలంలో సగానికి పైగా కాళ్ళదే. అంటే బస్కీయే, కూర్చుని చేసే బస్కీ! నెట్టేటప్పుడు ఊపిరి వదలాలి, ముందుకు జరిగేటప్పుడు పీల్చాలి. నెట్టడానికి ఒకటి లెక్కపెడితే తిరిగి రావడానికి రెండు లెక్కపెట్టండి.

చక్రం పక్కన ఒకటి నుంచి పది దాకా అంకెలున్న లివర్ ఉంటుంది. పదిలో పెడితేనే బలమని మగపిల్లలు అనుకుంటారు, మీరు మూడు నాలుగు మధ్య ఉంచండి. నిమిషానికి ఇరవై సార్లు లాగితే చాలు. మొదటి వారం ఐదు నిమిషాలు చేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ ఐదు నిమిషాలు, అదీ రోజు విడిచి రోజు. పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత ఆయాసమే ఉండాలి. బీపీ, గుండె జబ్బు, డిస్కు నొప్పి ఉన్నవాళ్ళు, ఈమధ్యే కాన్పయినవాళ్ళు డాక్టర్ని అడిగాకే కూర్చోండి. ఇంకొక్క మాట, ఇది ఏ కోచ్ చెప్పడు. పొడుగు కుర్తా అంచు, చున్నీ కొస సీటు కింది చక్రాల్లో ఇరుక్కుంటాయి. చున్నీ తీసేసి, కుర్తా నడుము దగ్గర ముడేసి కూర్చోండి.

ఈ మిషన్ మనకి కొత్తగానీ లోకానికి కాదు. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడలో మొదటి తరగతి వాళ్ళకి వ్యాయామశాల ఉండేది. అందులో రోయింగ్ మిషన్ ఉంది, ఉదయంపూట ఆడవాళ్ళకి ప్రత్యేకంగా సమయమూ ఉంది. రామ్మూర్తిగారి గుడారాలు దేశమంతా తిరుగుతున్న రోజులవి.  పడవ పందేల్లో ఒలింపిక్స్ తలుపు ఆడవాళ్ళకి తెరుచుకున్నదే 1976లో, మాంట్రియల్‌లో.

లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి దంపతులు ఆయన ప్రదర్శన చూసి మెచ్చుకున్నారని, ఇండియన్ హెర్క్యులస్ అన్న పేరు అలా వచ్చిందని చెబుతారు. ఆ ప్రయాణాల చుట్టూ విషప్రయోగాలు, ఎద్దులతో పోరాటాలు వగైరా కథలెన్నో అల్లుకున్నాయి. నాకు వాటికంటే ఆయన డబ్బు సంగతి ఎక్కువ నచ్చుతుంది. లక్షలు సంపాదించారు, అడిగినవాళ్ళకి ఇచ్చేశారు. దాచుకోలేదు. ఇంట్లో లెక్కలు చూసుకునే ఆడవాళ్ళం కాబట్టి, కొంతైనా ఉంచుకోవాల్సింది కదా అని మనసులో అనిపిస్తుంది కూడా.

ఎందుకంటే చివరి రోజులు కష్టంగా గడిచాయి. కాలికి పుండు లేచి, ముదిరి, ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు తీసుకోకుండా, ప్రాణాయామ బలంతోనే ఆపరేషన్ చేయించుకున్నారని చెబుతారు. ఎన్ని వేల బస్కీలు తీసిన కాలో అది. కాలు పోయాక గుడారమూ లేదు, ఏనుగూ లేదు. ఒరిస్సాలోని బలంగీర్‌లో, అక్కడి సంస్థానం ఆదరణలో తలదాచుకున్నారు. 1942 జనవరిలో, మనవైపు సంక్రాంతి సందడి రోజుల్లో, అక్కడే కన్నుమూశారు. అప్పటికి అరవై ఏళ్ళు కూడా నిండలేదు.

శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టుకున్నారు. ఆ జిల్లాలోనే ఆముదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో రెండు ఎత్తులు కలిపి 240 కిలోలు లేపి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆమె ఇంట్లో అన్నం దగ్గర ఎవరి పేరు చెప్పి ముద్దలు పెట్టారో మరి.