రైలుబాట వెంట ఊరిని నిలిపిన ఇచిజో కొబయాషి

రైలుబాట వేయడానికి ముందు ఆ దారిలో ప్రయాణించే జనమెంత అని లెక్కించడం లోకరీతి. జనమే లేని చోట రేపు ఎందరు కాపురముంటారో అంచనా వేసి బాట వేయడం సాహసం. అట్టి సాహసంలో కృతకృత్యుడైన జపాను దేశీయుడు ఇచిజో కొబయాషి జీవితాన్ని విద్యార్థి లోకానికి పరిచయం చేయదలచాము.

ఆయన 1873 జనవరి 3వ తేదీన యమనాషి ప్రాంతంలోని నిరసాకిలో జన్మించారు. మొదటి నెల మూడవ దినాన పుట్టినందున పేరులో ఒకటి, మూడు అంకెలు చేరాయి. ఆ యేడే తల్లి గతించింది. ఇల్లరికం వచ్చిన తండ్రి తన వారి వద్దకు మరలిపోయారు. బాలుడు బంధువుల యింట పెరిగాడు. నవలాకారుడు కావాలని కలలు కన్న ఆ యువకుడు 1893లో మిత్సుయి బ్యాంకులో ఉద్యోగి అయ్యారు.

1907లో ఆ కొలువు విడిచి, ఒసాకా నుండి మినో, తకరజుకాలకు విద్యుత్ రైలు వేయదలచిన సంస్థ భారం వహించారు. అది మాంద్య కాలం. వాటాలలో సగానికి దగ్గరగా కొనేవారు లేకపోయారు. దారి పొడవునా పొలాలే. కొబయాషి ఆ మార్గాన కాలినడకన సాగి నేలను పరిశీలించారు. పొగ కమ్మిన ఒసాకాలో కిక్కిరిసిన అద్దె యిండ్లు. ఇక్కడ నిర్మలమైన గాలి, చవక భూమి. నేటి ప్రయాణికులను కాక రేపటి నివాసులను లెక్కించి, రైలు రాకముందే భూములు కొనిపించారు.

1910 మార్చి 10న రైలు నడిచింది. అదే యేట ఇకెడాలో సుమారు 400 చదరపు గజాల స్థలాలలో దాదాపు 200 ఇండ్లు నిర్మించి, పదేండ్ల వాయిదాలపై విక్రయించారు. ఇల్లు కొన్నవారే నిత్య ప్రయాణికులయ్యారు. రైలు వలన పెరిగిన భూమి విలువ రైలునే పోషించింది.

ఉదయం నగరానికి నిండుగా పోయే బండి ఖాళీగా మరలకుండ, 1911లో తకరజుకాలో ఉష్ణజల స్నానశాలలు వెలసాయి. 1914లో బాలికల సంగీత నాటక ప్రదర్శనలు మొదలయ్యాయి. 1929లో నగరంలోని ఉమెదా స్టేషను వద్ద బహుళ వస్తు విక్రయశాల తెరిచారు. 1957 జనవరి 25న ఆయన పరమపదించారు.

అయితే ఆ వాయిదాలు నెలజీతగాండ్రకే అందాయి, దినకూలీకి అందలేదు. రేపు మన నగరాలలో రైలు దారులకు, గృహాలకు లెక్కలు కట్టబోయే విద్యార్థులారా! కొబయాషి దూరదృష్టిని గ్రహించండి. ఆయన లెక్కలో చేరని వారిని మీ లెక్కలో చేర్చండి. ఇదే మా విన్నపం.