ఆర్థికశాఖ నుండి కాంతిశాస్త్రమునకు: సర్ సి. వి. రామన్

చంద్రశేఖర వెంకటరామన్ గారు 1888వ సంవత్సరము నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి చెంతనున్న తిరువానైక్కావలులో జన్మించిరి. వారు తమిళులేయైనను వారి బాల్యము విశాఖపట్టణపు కడలి యొడ్డున గడచినది. తండ్రి చంద్రశేఖరయ్యరు గారు అచ్చటి ఎ. వి. ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రముల నధ్యాపనము చేయుచుండిరి. కుమారుడు పదునొకండవ యేటనే మెట్రిక్యులేషను ముగించి, పిదప మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1904లో బి. ఏ. పరీక్షయందు ప్రథముడై బంగారు పతకమును గైకొనెను. విద్యార్థిగా నుండగనే, 1906లో, కాంతివివర్తనమును గూర్చిన ఆయన తొలి వ్యాసము ఇంగ్లండునందలి ప్రసిద్ధ పత్రికలో అచ్చయినది.

ఇంతటి ప్రతిభకు సహజముగా విదేశవిద్య దక్కవలసినది. కాని దేహదార్ఢ్యము చాలదని వైద్యుడు వారించెను. శాస్త్రమును నమ్ముకొని జీవించుటకు ఆనాడు ఈ దేశమున దారి లేదు. కావున రామన్ గారు ఆర్థికశాఖ పోటీపరీక్షకు కూర్చుండి, అందును ప్రథములై, 1907లో కలకత్తాలో అసిస్టెంటు అకౌంటెంటు జనరలుగా ఉద్యోగమున ప్రవేశించిరి.

ఒకనాడు ట్రాములో పోవుచుండగా బౌబజారు వీధిలో ఒక పలక వారి కంటబడినది. అది 1876లో మహేంద్రలాల్ సర్కారు గారు స్థాపించిన విజ్ఞానాభివృద్ధి సంఘము. ప్రయోగశాల కలదు, పరిశోధించువారే అరుదు. నాటినుండి ఉదయము ప్రయోగశాల, పగలు ఆఫీసు ఫైళ్లు, సాయంత్రము మరల ప్రయోగశాల. నడుమ రంగూనుకును నాగపూరుకును బదిలీలు వచ్చినవి. బదిలీ యన నేమో ఎరిగినవారికి ఆ చిక్కును విప్పి చెప్పనక్కర లేదు. 1911లో మరల కలకత్తా చేరి, వీణ, మృదంగము, వయొలిను మొదలగు వాద్యముల నాదమును గూర్చి సైతము పరిశోధించిరి.

1917లో అశుతోష్ ముఖర్జీ గారు కలకత్తా విశ్వవిద్యాలయమున పాలిత్ ఆచార్యపీఠము నొసగ, రామన్ గారు స్వీకరించిరి. జీతము ఇంచుమించు సగమునకు దిగినది. పెన్షను గల పెద్ద కొలువును, భార్యాసమేతుడైన గృహస్థు, ముప్పదియేండ్లు నిండకమునుపే విడుచుట సామాన్యమైన సాహసము కాదు. లోకసుందరమ్మ గారి సహనమును గూడ ఇచ్చట తలపవలెను.

1921లో సముద్రయానము చేయుచు మధ్యధరా సముద్రపు నీలిమను గాంచి, అది ఆకాశపు ప్రతిబింబము మాత్రమే కాదని, నీటి అణువులే కాంతిని చెదరగొట్టుచున్నవని వారు నిశ్చయించిరి. పిదప ఏడేండ్లు శిష్యులతో ద్రవములను పరీక్షించిరి. ద్రవముపై ఒకే వర్ణపు కాంతిని ప్రసరింపజేసిన, చెదరిన కాంతిలో అత్యధికభాగము అదే వర్ణముతో వెలువడును. లక్షలో ఒక పాలుకూడ లేని లేశము మాత్రము వర్ణము మారి వచ్చును. ఆ మార్పు అణువుల కంపనములను బట్టి యుండును. అనగా ప్రతి పదార్థమునకు తనదైన ముద్ర కలదు. కె. ఎస్. కృష్ణన్ గారి సహకారముతో 1928 ఫిబ్రవరి 28న ఇది స్థిరపడినది. 1930లో నోబెలు బహుమతి లభించినది. విజ్ఞానశాస్త్రములందు ఆసియాఖండమునకు అదే మొదటిది.

పాదరసపు దీపముతో ఆ లేశకాంతిని ఛాయాచిత్రముగా పట్టుటకు గంటలు, ఒక్కొక్కపుడు దినములు పట్టుచుండెను. 1960లో లేసరు వెలసిన తరువాత ఆ శ్రమ తగ్గి, రామన్ పద్ధతి ఔషధములను, రత్నములను, రంగులను గుర్తించుటకు నిత్యసాధనమైనది.

1933లో రామన్ గారు బెంగుళూరు విజ్ఞానసంస్థకు డైరెక్టరుగా వెళ్లిరి. అచ్చట పాలకవర్గముతో పొత్తు కుదరక 1937లో ఆ పదవిని వీడి, ఆచార్యులుగా మాత్రము కొనసాగిరి. వారి నిర్భయత్వము ఎంత ప్రసిద్ధమో, మొండితనమును అంతే. 1948లో తమ పేరిట పరిశోధనాలయమును నెలకొల్పిరి. 1954లో భారతరత్న లభించినది. 1970 నవంబరు 21న కన్నుమూయగా, ఆ పరిశోధనాలయపు తోటలోనే దహనసంస్కారము జరిగినది. ఆ చోట ఒక చెట్టును నాటిరి.