సూరత్‌లో చదువుకున్న పరదేశి

మీరు సూరత్ పేరు వినే ఉంటారు. మీ బంధువులో, మీ ఊరివాళ్లో అక్కడ మరమగ్గాల మీద పనిచేస్తూ ఉండవచ్చు. తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు ఆ నగరంలో చాలా ఉన్నాయి. గుజరాత్‌లో తపతి నది ఒడ్డున ఉన్న సూరత్ మొగలుల కాలంలో పెద్ద రేవు. హజ్ యాత్రికులు అక్కడే ఓడ ఎక్కేవారు. ఇంగ్లీషు, డచ్చి, ఫ్రెంచి వర్తకులకు అక్కడ గిడ్డంగులు ఉండేవి. ఈ పాఠంలో మీరు తెలుసుకోబోయే పరదేశి మాత్రం వర్తకం కోసం రాలేదు, చదువు కోసం వచ్చాడు. ఆయన అనుకున్నవాటిలో అనుకున్నట్టు జరిగినవి బహు తక్కువ. చదువు మధ్యలో ఆగిపోయి మళ్లీ పుస్తకం పట్టుకున్న మీకు ఆయన కథ కొత్తగా తోచకపోవచ్చు.

ఆయన పేరు ఆంక్తిల్ దుపెరాన్. 1731లో పారిస్ నగరంలో పుట్టాడు. తండ్రి సుగంధ ద్రవ్యాల వ్యాపారి. కుమారుడు క్రైస్తవ మతాచార్యుడు కావడానికి కొంతకాలం చదివాడు. హీబ్రూ భాష నేర్చుకున్నాడు. ఆ చదువు చివరిదాకా సాగలేదు గాని, అప్పుడు అలవడిన దైవభక్తి, నిరాడంబర జీవితం ఆయనను జీవితాంతం వదలలేదు.

1754లో ఆయనకు ఎవరో నాలుగు కాగితాలు చూపించారు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఒక పార్సీ గ్రంథపు పుటలకు అవి నకళ్లు. పార్సీలంటే జరతుష్ట్ర ప్రవక్త మతాన్ని పాటించేవారు. చాలా శతాబ్దాల క్రితం ఇరాన్ నుంచి గుజరాత్ తీరానికి వలస వచ్చారు. వారి పవిత్ర గ్రంథం అవెస్తా. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ ప్రతిని గొలుసుతో కట్టి భద్రపరిచారు గాని, దాన్ని చదవగలవారు ఐరోపా మొత్తంలో ఒక్కరూ లేరు. దాని అర్థం తెలిసిన పురోహితులు భారతదేశంలో ఉన్నారు. అక్కడికి వెళ్లి నేర్చుకోవాలని ఆంక్తిల్ నిశ్చయించుకున్నాడు. సంస్కృతం కూడా నేర్చుకుని వేదాలు చదవాలని ఆయన కోరిక.

వెళ్లడానికి డబ్బు లేదు. సహాయం కోసం ఎదురుచూసే ఓపికా లేదు. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో మామూలు సిపాయిగా చేరిపోయాడు. రెండు చొక్కాలు, రెండు రుమాళ్లు, ఒక జత మేజోళ్లు, హీబ్రూ బైబిలు, మరి కొన్ని పుస్తకాలు మూటకట్టుకుని తోటి సిపాయిలతో రేవుదాకా నడిచాడు. తీరా అక్కడికి చేరాక, మిత్రుల ప్రయత్నం వల్ల ప్రభుత్వం ఆయనను కొలువు నుంచి విడిపించి, ఓడలో చోటు, కొంత భత్యం ఇచ్చింది. మొదటి మార్పు మంచికే వచ్చింది. తరువాతివి అలా రాలేదు.

1755 ఆగస్టులో ఆయన పాండిచ్చేరిలో దిగాడు. అక్కడ పారశీక భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు. తరువాత బెంగాలులోని ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్‌కు వెళ్లాడు. అక్కడినుంచి కాశీ చేరి పండితుల దగ్గర సంస్కృతం నేర్చుకోవాలన్నది ఆలోచన. ముందు జబ్బు చేసింది. ఆ తరువాత యుద్ధం వచ్చింది. 1757 మార్చిలో ఇంగ్లీషువారు చందర్‌నగర్‌ను పట్టుకున్నారు. కాశీ ప్రయాణం ఆగిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగి భారతదేశ పటం తీయండి. బెంగాలు నుంచి వేలు కిందికి జరుపుతూ ఒరిస్సా తీరం, మన శ్రీకాకుళం, కృష్ణా తీరాలు దాటి పాండిచ్చేరిదాకా రండి. ఆంక్తిల్ ఆ దూరమంతా నేలమీద ప్రయాణం చేశాడు. ఎండాకాలం, ఆపైన వర్షాలు. ఆగస్టులో పాండిచ్చేరి చేరాడు. ఉత్తర సర్కారులు అనే మన కోస్తా ప్రాంతం అప్పటికి ఫ్రెంచివారి అధీనంలోనే ఉంది. పథకం తప్పిన మనిషి తలవంచుకుని నడవలేదు. దారిలోని ఊళ్లు, మజిలీల మధ్య దూరాలు, గుడులు, ఆచారాలు చూస్తూ రాసుకుంటూ నడిచాడు. ఆ రాతలే తరువాత ఆయన గ్రంథానికి ముందుమాట అయ్యాయి.

ఆ సమయంలోనే ఆయన సోదరుడికి సూరత్‌లోని ఫ్రెంచి స్థావరంలో ఉద్యోగం దొరికింది. అన్నదమ్ములు ఓడలో బయలుదేరారు. పశ్చిమ తీరంలోని మాహే దగ్గర ఆంక్తిల్ దిగిపోయి మళ్లీ నేలదారి పట్టాడు. గోవా, ఔరంగాబాద్ మీదుగా, ఎల్లోరా గుహలు చూసుకుంటూ 1758లో సూరత్ చేరాడు.

ఆ కాలంలో సూరత్ పార్సీలు రెండు వర్గాలుగా చీలి ఉన్నారు. తగాదా పంచాంగం గురించి. మనకు అధికమాసం ఉన్నట్టే, వారి పూర్వులు ఎప్పుడో ఒక నెల అదనంగా కలిపారు. అందువల్ల ఇరాన్‌లోని వారి లెక్కకూ ఇక్కడి లెక్కకూ ఒక నెల తేడా వచ్చింది. ఇరాన్ లెక్కే సరైనదన్న వర్గంలో దస్తూర్ దారాబ్ అనే పండితుడు ఉన్నాడు. దస్తూర్ అంటే ప్రధాన పురోహితుడు. ఆయన ఆంక్తిల్‌కు గురువు కావడానికి ఒప్పుకున్నాడు.

దారాబ్ స్థితి కూడా ఆలోచించండి. పరాయి మతస్థుడికి, పరదేశికి తమ పవిత్ర గ్రంథం అప్పగించడం చిన్న సంగతి కాదు. మొదట ఆయన ఇచ్చిన ప్రతి అసంపూర్ణంగా ఉంది. ఆంక్తిల్ కోపం తెచ్చుకుని వెళ్లిపోలేదు. ఎదుటి వర్గపు పెద్ద మంచెర్జీ దగ్గరనుంచి డచ్చివారి ద్వారా మరో ప్రతి సంపాదించి, రెండింటినీ పోల్చి చూశాడు. తేడా బయటపడింది. ఆ తరువాత చదువు సక్రమంగా సాగింది. గురుశిష్యులిద్దరికీ తెలిసిన భాష పారశీకం. దారాబ్ అవెస్తా మాట చదివి పారశీకంలో అర్థం చెప్పేవాడు. శిష్యుడు రాసుకునేవాడు. 1759 మార్చిలో చిన్న నిఘంటువుతో మొదలుపెట్టి, జూన్ నాటికి వెందిదాద్ అనే భాగానికి అనువాదం ముగించాడు.

ఆంక్తిల్ సాధువు అని మాత్రం అనుకోకండి. ముక్కోపి. అదే సంవత్సరం తోటి ఫ్రెంచివాడితో కత్తుల తగాదా జరిగింది. అవతలి మనిషి చనిపోయాడు. ఈయన గాయపడి, తన దేశపు శత్రువులైన ఇంగ్లీషువారి అండనే చేరవలసి వచ్చింది. ఈ సంగతి దాచిపెట్టి ఆయన జీవితం చెప్పడం సరికాదు. కోలుకున్నాక మళ్లీ చదువులో పడ్డాడు. పార్సీల అగ్ని ఆలయం చూశాడు. బొంబాయి దగ్గర ఎలిఫెంటా, కన్హేరి గుహలు తిరిగాడు.

ఇక కాశీ వెళ్లాలనుకున్నాడు. 1761 జనవరిలో పాండిచ్చేరి కూడా ఇంగ్లీషువారి చేతికి పోయింది. కాశీ మాట మరిచిపోయి, పోగుచేసిన 180 రాతప్రతులతో ఇంగ్లీషు ఓడలోనే బయలుదేరాడు. ఇంగ్లండులో దిగగానే శత్రుదేశస్థుడని నిర్బంధించారు. విడుదలయ్యాక మరొకరైతే నేరుగా ఇంటికి పోయేవారు. ఆయన ముందు ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, గొలుసు కట్టిన ఆ పాత ప్రతిని తన ప్రతితో పోల్చి చూసుకున్నాడు. 1762 మార్చిలో పారిస్ చేరిన మరునాడే రాతప్రతులన్నీ రాజ గ్రంథాలయానికి అప్పగించాడు.

1771లో ఆయన జెంద్ అవెస్తా అనువాదం అచ్చయింది. మెప్పు కన్నా ముందు నింద వచ్చింది. అప్పటికి యువకుడైన విలియం జోన్స్ ఆ గ్రంథం అసలుదే కాదన్నట్టు ఎగతాళి చేస్తూ రాశాడు. అనువాదంలో తప్పులు లేకపోలేదు. దారాబ్‌కు సంప్రదాయంగా అందిన అర్థమే ఆంక్తిల్‌కూ అందింది. కాని గ్రంథం అసలైనదేనని 1826లో డెన్మార్క్ పండితుడు రాస్క్ నిరూపించాడు. అప్పటికి ఆంక్తిల్ లేడు.

కాశీ సంగతి ఏమైంది? 1775లో ఫైజాబాద్‌లో ఉన్న ఒక ఫ్రెంచి అధికారి ఆయనకు ఒక పారశీక రాతప్రతి పంపించాడు. మొగలు రాకుమారుడు దారా షికో కాశీ పండితుల సహాయంతో 1657లో చేయించిన యాభై ఉపనిషత్తుల అనువాదం అది. ఆంక్తిల్ దాన్ని ఏళ్ల తరబడి కూర్చుని లాటిన్‌లోకి మార్చాడు. ఫ్రెంచి విప్లవం వచ్చి పోయింది. రొట్టె, పాలు, బావినీళ్లతో గడుపుతూ ఆయన పని ఆపలేదు. 1801, 1802 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా అది వెలువడింది. జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హావర్ ఉపనిషత్తులను చదివింది ఆ పుస్తకంలోనే.

1804లో నెపోలియన్ చక్రవర్తికి విధేయత ప్రమాణం చేయమని పండితులను అడిగారు. అలాంటి ప్రమాణం దేవుడికి చెల్లుతుంది గాని మనిషికి చెల్లదని ఆంక్తిల్ నమ్మకం. ప్రమాణం చేయక పదవి వదులుకున్నాడు. 1805 జనవరి 17న పారిస్‌లో మరణించాడు. సూరత్ నుంచి ఆయన తెచ్చిన ప్రతులు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఇప్పటికీ ఉన్నాయి.