విహంగ విజ్ఞాని సలీం అలీ

పల్లెటూళ్లలో పుట్టి పెరిగినవారికి పక్షులు క్రొత్తవి కావు. తెల్లవారకమునుపే కాకి మేలుకొలుపును. పొలము దున్నునపుడు నాగలి వెంట కొంగలు నడచును. బావిగట్టున తుమ్మకొమ్మలకు గిజిగాని గూళ్లు వ్రేలాడుచుండును. నిత్యము కంటబడుచుండుట చేతనే కాబోలు, వానిని నిదానించి చూచువారు అరుదు. అట్లు చూచుటయే జీవితవ్రతముగా నెంచుకొని, మన దేశపు పక్షులను సామాన్యజనులకు సైతము పేరుపేరున పరిచయము చేసిన మహనీయులు డాక్టరు సలీం అలీ గారు.

ఆయన 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బొంబాయి నగరమున జన్మించిరి. ఏడాది నిండునప్పటికి తండ్రిని, మూడేండ్ల ప్రాయమున తల్లిని కోల్పోయిరి. సంతానము లేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ దంపతులు ఆ బిడ్డను పెంచిరి.

చిన్ననాట సలీమునకు గాలితుపాకితో పిచ్చుకలను కొట్టుట వేడుకగా నుండెను. ఒకనాడు నేలగూలిన పిచ్చుక గొంతుమీద పసుపుపచ్చని మచ్చ కనబడెను. అది యే జాతిదో బాలునికి తెలియలేదు, మేనమామకును తెలియలేదు. ఆయన ఒక ఉత్తరము వ్రాసియిచ్చి, బాలుని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపెను. అచటి కార్యదర్శి మిల్లర్డు దొర, వచ్చినవాడు పసివాడని త్రోసిపుచ్చక, ఆ పిట్ట పేరు చెప్పి, సొరుగులు తెరచి, అందు భద్రపరచిన పక్షులను వరుసగా చూపెను, చదువుకొనుటకు పుస్తకములిచ్చెను. పేరు తెలియని ఒక పిచ్చుక ఆ బాలుని జీవితమార్గమును నిర్ణయించెను.

అయినను ఆ మార్గము సుగమము కాలేదు. కళాశాల చదువు మధ్యలో విడిచి, కుటుంబ వ్యాపారము చూచుటకై ఆయన బర్మా వెళ్లిరి. అచట గనుల లెక్కలకన్న అడవిలోని పక్షులే ఆయనను ఎక్కువగా ఆకర్షించెను. 1918లో తెహ్మినా బేగముతో వివాహమయ్యెను. వ్యాపారము దెబ్బతిని స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట, భారత జంతుశాస్త్ర సర్వేక్షణ శాఖలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగమునకై ప్రయత్నించిరి. విశ్వవిద్యాలయ పట్టము లేదను కారణమున అది లభింపలేదు. 1926లో బొంబాయి మ్యూజియమున సందర్శకులకు వివరించి చెప్పు ఉపన్యాసకుని పదవి దొరకెను. పిమ్మట బెర్లిను నగరమునకేగి, స్ట్రెసెమన్ పండితునివద్ద శాస్త్రీయముగా శిక్షణ పొందిరి. 1930లో తిరిగివచ్చి చూడగా, ధనాభావముచే మ్యూజియములోని ఆ పదవియే రద్దయి యుండెను.

నిరుద్యోగియైన సలీం అలీ దంపతులు బొంబాయికి సమీపమున సముద్రతీరముననున్న కిహీం అను పల్లె చేరిరి. అచట గిజిగాండ్రు గుంపుగా గూళ్లు కట్టుచుండెను. ఆయన దినములకొలది వానిని కనిపెట్టి చూచి, తమ పుస్తకమున వ్రాసికొనిరి. మగపక్షి గూటిని సగము అల్లి నిలుపును. ఆడపక్షులు వచ్చి ఆ సగము గూటిని పరీక్షించును. ఒక ఆడపక్షికి నచ్చినచో అది అందు స్థిరపడును. అప్పుడు మగపక్షి మిగిలిన భాగమును, క్రిందికి వ్రేలాడు గొట్టమును పూర్తిచేయును. అంతటితో ఆగక, మరియొక గూడు మొదలిడి, మరియొక ఆడపక్షిని పిలుచును. తరతరములుగా జనులు చూచుచున్న ఈ గూళ్ల వెనుకనున్న సంసారవిధానము ఆయన పరిశీలనవలననే లోకమునకు స్పష్టముగా తెలిసెను. ఉద్యోగము పోయినందుననే ఈ గొప్ప పరిశోధనకు తీరిక లభించెననవచ్చును.

తరువాత ఆయన సంస్థానముల పక్షులను సర్వే చేయుటకు పూనుకొనిరి. జీతము కోరలేదు, ఖర్చులు భరించిన చాలుననిరి. 1931-32 సంవత్సరములలో నిజాము రాజ్యమంతట తిరిగి, తెలంగాణపు అడవులలో, నల్లమల కొండలలో గుడారములు వేసికొని పక్షుల వివరములు సేకరించిరి. శాస్త్రము నిమిత్తము పక్షులను కొట్టి భద్రపరచుట ఆ కాలపు పద్ధతి. ఆయనయు నట్లే చేసిరి. కాని బ్రతికియున్న పక్షి నడవడియే తెలిసికొనదగినదని ఆయన విశ్వాసము. ఈ సంచారములలో విడిది బాధ్యత వహించిన తెహ్మినా 1939లో మరణించుట ఆయనకు తీరని దెబ్బ అయ్యెను.

1941లో ఆయన రచించిన భారతదేశ పక్షుల పుస్తకము వెలువడెను. అందులోని పద్ధతి చదువరికి మిక్కిలి అనుకూలమైనది. పక్షి పరిమాణమును కొలతలలోనే గాక, అందరెరిగిన పిచ్చుక, పిగిలిపిట్ట, గోరువంక, పావురము, కాకి, గ్రద్ద మొదలగువానితో పోల్చి చెప్పిరి. పిమ్మట రంగు, ముక్కు, తోక, కూత, తిరుగు చోటు, గూడు కట్టు కాలము వరుసగా వివరించిరి. ఈ గురుతులన్నియు కలిసినప్పుడే పేరు నిశ్చయింపవలెను. జవాహర్‌లాల్ నెహ్రూ గారు ఈ పుస్తకమును చెరసాలలోనున్న కుమార్తె ఇందిరకు పంపగా, ఆమె దానివలననే పక్షులయందు ఆసక్తి పెంచుకొనెను.

పక్షులను చూచుటకు కావలసిన సామగ్రి స్వల్పము. జంట గొట్టముల దుర్భిణి ఒకటి, చిన్న నోటుపుస్తకము, పెన్సిలు చాలును. దుర్భిణిమీద 8×30 అని యుండినచో, వస్తువు ఎనిమిది రెట్లు పెద్దదిగా కనబడుననియు, ముందరి అద్దము వెడల్పు 30 మిల్లీమీటర్లనియు అర్థము. రెట్లు హెచ్చిన కొలది చేతివణకును హెచ్చును, కనబడు మేర తగ్గును. అద్దము పెద్దదైనచో వెలుతురు హెచ్చినను బరువు పెరుగును. కావున నడచి తిరుగువారికి ఎనిమిది రెట్ల చిన్న దుర్భిణియే మేలు. అదియు లేనివారికి ఓర్పుగల కన్నులే సాధనము.

అమెరికా పండితుడు డిల్లన్ రిప్లీతో కలిసి ఆయన రచించిన పక్షిగ్రంథము 1968-74 సంవత్సరముల నడుమ పది సంపుటములుగా వెలువడెను. 1958లో పద్మభూషణము, 1976లో పద్మవిభూషణము లభించెను. అంతర్జాతీయ బహుమతిగా వచ్చిన ధనమును, చిన్ననాడు తమకు తలుపు తెరచిన బొంబాయి సంఘమునకే యిచ్చివేసిరి. భరతపురపు చిత్తడి నేలలను, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని కాపాడుటకై పాటుపడిరి. 1985లో రాజ్యసభకు నియమితులైరి.

ఆయన జీవితపు చివరి దినములలో తెలుగు నేలనుండి ఒక శుభవార్త వెలువడెను. ఒకప్పుడు నెల్లూరులో వైద్యుడుగానుండిన జెర్డన్ దొర పేర పిలువబడు పక్షి యొకటి 1900 తరువాత ఎవరికిని కనబడక, నశించినదనియే పండితులు తలచిరి. బొంబాయి సంఘమువారు కడప జిల్లా పల్లెలలో దాని చిత్రములు చూపి విచారింపగా, అచటివారు దానిని కలివికోడి యని గుర్తించిరి. 1986 జనవరిలో ఆ ప్రాంతపు వేటగాడొకడు ఆ పక్షిని పట్టి యిచ్చెను. శాస్త్రజ్ఞులకు ఎనుబదియారు సంవత్సరములు కానరానిదానికి పల్లెవాసుల నోట పేరు నిలిచియుండెను! దాని తావును కాపాడుటకై తెలుగుగంగ కాలువ దారిని సైతము మార్చిరి. అయినను ఆ పక్షి నేటికిని మిక్కిలి అరుదుగనే యున్నది.

1987లో సలీం అలీ గారు పరమపదించిరి. పట్టము లేని ఆయనను పండితునిగా చేసినవి ఒక ప్రశ్న, దానికి జవాబు చెప్పిన ఒక పెద్దమనిషి, చదువుటకు దొరకిన కొన్ని పుస్తకములు. ఊరి చెరువుగట్టున పేరు తెలియని పిట్టను చూచిన బాలుడు గ్రంథాలయమునకు వచ్చి అడిగినపుడు అతనికి జవాబు దొరకునట్లు చేయుటయే ఆయనకు తగిన స్మృతిచిహ్నము.