గోగుపువ్వు బొమ్మ గీయించిన డాక్టరు

వృక్షశాస్త్రం చదివేవాళ్ళలో రాక్స్‌బర్గ్ పేరు తగలని వాడుండడు. ఎన్నో మొక్కల శాస్త్రీయ నామాల చివర కనిపించే పేరు ఆయనదే. ఆయన పన్నెండేళ్ళు మన తెలుగు నేల మీద గడిపాడని మాత్రం చాలామందికి తెలీదు.

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోలో జాన్ హోప్ దగ్గర మొక్కల పాఠాలు విన్నాడు. ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా 1776లో మద్రాసు చేరి, 1781లో సామర్లకోటకు వచ్చాడు. అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, నీలిమందు పండించి చూశాడు. 1787 తుఫానులో పుస్తకాలు, ఎండబెట్టి దాచిన మొక్కలు అన్నీ పోయాయి. పంట నీళ్ళపాలైన రైతు ఏం చేస్తాడు? ఆయనా అదే చేశాడు, మళ్ళీ మొదలుపెట్టాడు.

స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకుని, పచ్చి మొక్కను ఎదుట ఉంచి బొమ్మలు గీయించాడు. తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. ఆ బొమ్మల్లో మన గోగు కూడా ఉంది. మా ఇంట్లో ఆకు కోసుకుంటాం, నార తీస్తాం. పువ్వు వంక చూసే తీరిక ఎవరికుంది!

గోగు దొరక్కపోతే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా ఏ సందులోనైనా గోడ మీంచి వంగిన మందారం చూడండి. రెండూ ఒకే ప్రజాతి. ముద్ద మందారం కాదు, రేక మందారం. అయిదు రేకులు, ఒక్కోదాని అంచు పక్కదాని మీదికి ఎక్కి ఉంటుంది. అయిదో వంతు తిప్పితే పువ్వు మళ్ళీ అలాగే కనిపిస్తుంది. అద్దంలో చూస్తే మాత్రం మెలిక అటుది ఇటవుతుంది. ఎటు కోసినా రెండు సమభాగాలని మనం బట్టీపట్టే వలయ సౌష్ఠవం ఇక్కడ పూర్తిగా కుదరదు. నడుమ కేసరాలన్నీ కలిసి గొట్టమై, అందులోంచి అయిదు కీలాగ్రాలు బయటికొస్తాయి. ఇవన్నీ తెలియాలంటే పువ్వును విప్పి చూడాల్సిందే.

1790ల మొదట్లో సర్కారు జిల్లాల్లో ఘోరమైన కరువొచ్చింది. వాన లేకపోయినా తిండి పెట్టే కొబ్బరి, తాటి, పనస చెట్లు విరివిగా నాటాలని ఆయన కంపెనీకి రాశాడు. నా లెక్కలో ఆయన చేసిన పనులన్నిటిలోకీ ఇదే పెద్దది. 1793లో కలకత్తా తోటకు వెళ్ళాడు. అక్కడ నారలకు బరువులు వేలాడదీసి బలం పరీక్షించాడు.

కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 300 రంగుల పటాలతో 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది. చివరి పటాలు ఆయన చూడలేదు. ఆరోగ్యం చెడి 1813లో కలకత్తా విడిచి, 1815లో ఎడిన్‌బరోలో పోయాడు. ఆయన రాతల్లో తెలుగు పేర్లు నిలిచాయి. బొమ్మలు గీసిన మనవాళ్ళ పేర్లు మాత్రం ఆ పటాల మీద లేవు.