గణపతిదేవుని అభయం ఎవరికి?

ఖిలా వరంగల్ మట్టికోట గట్టెక్కితే నీటి స్వభావం తెలుస్తుంది. వాన పడ్డాక ఏ సందులోని నీళ్ళు ఏ పల్లానికి చేరతాయో మా వాడలో పిల్లలు కూడా చెప్పగలరు. 2023 జూలై చివరి వారంలో వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగినప్పుడు నాలా పక్కనున్న మా మేనత్త ఇంట్లో ఛాతీ లోతు నీళ్ళు నిలిచాయి. బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు పోయాయి. ఇంట్లో బురద ఆరకముందే, ఆ ఇల్లు నీటి దారిలో ఉన్న ఆక్రమణ అని ఒక కార్యాలయం కాగితం పంపింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటికి నంబరిచ్చి, పన్ను కట్టించుకున్నదీ ప్రభుత్వ యంత్రాంగమే. ఆ కాగితం చదివిన రోజు నుంచి, ఈ కోటను బలపరచి ఓరుగల్లును రాజధానిగా నిలిపిన కాకతి గణపతిదేవుని జీవితాన్ని నేను కొత్తగా చదవడం మొదలుపెట్టాను.

ఆ జీవితం ఓటమితో మొదలైంది. పెదతండ్రి రుద్రదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన పోరులో మరణించాడు. తండ్రి మహాదేవుడూ అదే వైరంలో ప్రాణాలు కోల్పోయాడు. యువకుడైన గణపతి శత్రువుల చేతికి చిక్కి బందీ అయ్యాడు. రాజు లేని రాజ్యాన్ని చీలిపోకుండా కాపాడినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. యాదవ రాజు జైతుగి విడిచిపెట్టిన తరువాత 1199లో గణపతి సింహాసనమెక్కి, 1262 వరకు అరవై మూడేళ్ళు పాలించాడు. తీరాంధ్రను జయించాడు. చివరి సంవత్సరాలలో కుమార్తె రుద్రమదేవిని వారసురాలిగా నిలిపాడు. పాఠ్యపుస్తకాలు ఈ విజయాలను చెబుతాయి. ఆయన కులం సంగతిని మాత్రం తొందరగా దాటేస్తాయి.

గణపతిదేవుని సేనానులైన మల్యాల వంశీయులు వేయించిన బోత్‌పూర్, వడ్డమాను శాసనాలు కాకతీయులను చతుర్థ కులస్థులుగా పేర్కొన్నాయి. శూద్ర మూలం అప్పట్లో దాచుకోవలసిన విషయం కాదన్నమాట. అయితే సముద్రతీరం దాకా రాజ్యం విస్తరించాక, 1244 నాటి మోటుపల్లి శాసనంలో అదే వంశం సూర్యుడి నుంచి దిగివచ్చినట్లు కనిపిస్తుంది. అధికారం పెరిగినకొద్దీ వంశవృక్షం కూడా పైకి పాకింది. నేలను నమ్ముకుని ఎదిగిన పాలకుడికి సైతం ఆకాశం నుంచి ధ్రువపత్రం తెచ్చుకోక తప్పని సమాజం మనది.

ఆయన నిజమైన బలం నేల మీదే ఉంది, నీటిలో ఉంది. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడితో పాటు చెరువునూ నిర్మించాడు. మంత్రి బయ్యన నాయకుని కుమారుడు జగదాల ముమ్మడి పాకాల చెరువు కట్టించాడు. భద్రకాళి చెరువు కూడా గణపతిదేవుని కాలానిదేనని ప్రసిద్ధి. వీటి వెనుక ఉన్న నీటి లెక్క గొలుసుకట్టు పద్ధతి. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు వాగు వెంట దిగువ చెరువుకు చేరుతుంది. అక్కడ నిండితే ఇంకా దిగువకు పోతుంది. ఎండాకాలంలో ఇది సాగునీటి ఏర్పాటు. పెద్ద వానలో ఇదే వరద నియంత్రణ, ఎందుకంటే ప్రతి చెరువూ తన వంతు నీటిని పట్టి ఉంచి, మిగిలినదాన్ని నెమ్మదిగా వదులుతుంది. గొలుసులో ఏ ఒక్క మత్తడి కాలువను పూడ్చినా నీరు ఆగదు, ఇళ్ళ మీదుగా దారి వెతుక్కుంటుంది.

చెరువు కట్టించిన రాజులు, సేనానుల పేర్లు శిలల మీద ఉన్నాయి. కట్టినవారి పేర్లు లేవు. విజయనగర కాలానికి చెందిన పోరుమామిళ్ళ శాసనం (1369) ఒక్క విషయంలో ఉదారంగా ఉంది. అక్కడి చెరువు కోసం రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్ళు పనిచేశారని లెక్క రాసింది. ఆ వెయ్యి మందిలో ఒక్కరి పేరూ చెప్పలేదు. రాయి కొట్టి, మట్టి మోసిన పని వడ్డెరలది. తూము ఎత్తి దించి, రాత్రి వానలో కట్ట మీద కాపలా ఉన్న నీరటి చాలా ఊళ్ళలో దళితుడే. చెరువు మరమ్మతుకు దశబంధం పేర భూమి, పంటలో వాటా కేటాయించేవారు. అంటే వరద నిర్వహణకు శాశ్వతమైన ఆదాయ మార్గం ఉండేది. కానీ చెరువు కింద మాగాణి ఎవరికి దక్కిందో, కట్ట మీద జాగారం ఎవరికి మిగిలిందో కులమే తేల్చింది. ఈ పాత వ్యవస్థను స్వర్ణయుగమని పొగిడేవారితో నేను ఏకీభవించలేను. నీటి గురించిన గొప్ప జ్ఞానం అందులో ఉంది. ఆ జ్ఞానమున్న మనిషికి గౌరవం లేదు.

మోటుపల్లి శాసనం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అందుకే. అంతకుముందు రాజులు తుపానుకు చెదరి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా స్వాధీనం చేసుకునేవారు. గాలివానకు సగం పోగొట్టుకున్న వర్తకుడు మిగిలిన సగాన్ని రాజుకు సమర్పించుకోవలసి వచ్చేది. గణపతిదేవుడు ఆ దోపిడీని నిషేధించి, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని అభయమిచ్చాడు. నీటి దెబ్బ తిన్నవాడిని రాజ్యం రెండోసారి కొట్టకూడదన్న సూత్రం ఏడు వందల ఎనభై ఏళ్ళ కిందటే తెలుగు నేల మీద రాతికెక్కింది. అయితే ఆ అభయం వర్తకుడికే అందింది. కట్ట తెగి కొట్టుకుపోయిన నీరటి గుడిసెకు అటువంటి శాసనమేదీ నాకు కనిపించలేదు.

నేటికీ పరిస్థితి అదే. చట్టాలు లేక కాదు. 2002లోనే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకుమించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల మేర, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్ల మేర కట్టడం నిషిద్ధం. వాగుకూ 9 మీటర్ల దూరం పాటించాలి. నిబంధన మంచిదే. కానీ అది అమలయ్యే క్రమంలో కులం కనిపిస్తుంది. శిఖం భూమిని చదును చేసి ప్లాట్లు వేసినవారు, నాలాను మలిపి ప్రహరీలు కట్టినవారు క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టుకుంటారు, న్యాయస్థానానికి వెళ్తారు. ఊరి పల్లాన తప్ప మరెక్కడా చోటు దొరకని దళిత, వడ్డెర, బెస్త కుటుంబాలకు మాత్రం నోటీసు, దాని వెనుకే బుల్డోజరు వస్తాయి. ఊరు మెరకన, వాడ పల్లాన అన్న పాత గ్రామపటాన్నే నగరం నాలాల వెంట తిరిగి గీసుకుంది.

నీటి దారిలో ఇళ్ళు ఉండవచ్చని నేను వాదించడం లేదు. బొందివాగు నీరు భద్రకాళి చెరువు వైపు, వడ్డేపల్లి చెరువు అలుగు నీరు నయీంనగర్ నాలా వైపు పోవలసిందే. 2020 ఆగస్టులోనూ, 2023లోనూ వాటికి దారి లేకనే కాలనీలు మునిగాయి. భద్రకాళి కట్టకు గండి పడిన రోజున నగరమంతా ఊపిరి బిగబట్టింది. మా మేనత్త ఇల్లూ అక్కడ ఉండకూడదు. ఆమెకూ అక్కడ ఉండాలని లేదు. మెరక మీద ఒక గది చూపండన్నదే ఆమె అడిగిన మాట.

కనుక నాలుగు పనులు జరగాలి. ప్రతి చెరువు పూర్తి నీటిమట్టం పటాన్ని తెలుగులో ఆయా బస్తీల్లో అతికించాలి. ఇల్లు కొనేవాడికి కొనకముందే హద్దు తెలియాలి. తొలగింపు పెద్ద కట్టడాలతో, లేఅవుట్ వేసినవారితో, అనుమతి ఇచ్చినవారి జవాబుదారీతో మొదలవ్వాలి. పేదల ఇంటిని తొలగించేలోపే అదే నగరంలో, పనికి నడిచి వెళ్ళగల దూరంలో, మెరక నేల మీద పట్టాతో ఇల్లు ఇవ్వాలి. నీరటి పనిని కులం చాకిరీగా కాక, ఎవరైనా చేరగల, జీతమున్న లష్కర్ ఉద్యోగంగా ప్రతి చెరువుకూ నిలపాలి. 2023లో వీఆర్ఏలను శాఖల్లో సర్దుబాటు చేసినప్పుడు కొందరిని నీటిపారుదల శాఖకు పంపారు. ఆ దారిని పూర్తిచేయాలి.

గణపతిదేవుడు ఓడ పోగొట్టుకున్నవాడికి అభయమిచ్చి చరిత్రలో నిలిచాడు. ఇల్లు మునిగినవారికి అభయమివ్వడం ప్రజాస్వామ్యం చేయవలసిన పని. రాజుల కాలం పోయిందని చెప్పుకునే మనం ఆయన తీరంలో ఆపిన చోటు నుంచి, ఆయన కట్టిన కోట కింద ఉన్న వాడల దాకా ఆ శాసనాన్ని తీసుకురాలేమా? వచ్చే వానాకాలం లోపు దీనికి జవాబు కావాలి.