మరియా మాంటిస్సోరి – చిన్నారుల గురువులకు గురువు

నాన్నకో అమ్మకో బదిలీ అయితే సామాను సర్దుకుని కొత్త ఊరికి, కొత్త బడికి వెళ్లడం మనకు అలవాటే. మరియా మాంటిస్సోరి బాల్యం కూడా అలాగే గడిచింది. ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లె అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ప్రభుత్వోద్యోగి. ఆయన ఉద్యోగరీత్యా కుటుంబం 1873లో ఫ్లోరెన్సుకు, 1875లో రోముకు మారింది.

మరియా డాక్టరు కావాలనుకున్నారు. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలు వైద్యం చదవడం చాలా అరుదు. మృతదేహాలను కోసి పరిశీలించే పాఠానికి మగ విద్యార్థులతో కలిసి ఆమెను రానిచ్చేవారు కాదు. అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా ఆ పని చేసుకునేవారు. పట్టు విడవకుండా చదివి 1896లో పట్టా పుచ్చుకున్నారు.

తర్వాత ఆమె బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో పనిచేశారు. వీళ్లకు చదువు రాదని అందరూ వదిలేసిన పిల్లలు చదవడం, రాయడం నేర్చుకున్నారు. అప్పుడు ఆమెకు ఒక సందేహం కలిగింది. వీళ్లే ఇంత నేర్చుకోగలిగితే, మామూలు బడుల్లోని పిల్లలు ఎందుకు వెనకబడుతున్నారు? లోపం పిల్లల్లో ఉందా, చూసుకునే పెద్దల్లో ఉందా?

1907 జనవరి 6న రోములో సాన్ లోరెంజో అనే పేదల పేటలో ఆమె ‘పిల్లల ఇల్లు’ తెరిచారు. తల్లిదండ్రులు కూలికి వెళ్తే ఆలనాపాలనా లేక తిరిగే పసివాళ్లు అక్కడికి వచ్చారు. వారిని చూసుకోవడానికి ఉపాధ్యాయ శిక్షణ లేని ఒక యువతిని పెట్టారు. ఒకరోజు మూడేళ్ల పాప చెక్క దిమ్మెలను వాటి గుంటల్లో అమర్చుతూ, తీస్తూ, మళ్లీ అమర్చుతూ కూర్చుంది. చుట్టూ మిగతా పిల్లలు పాటలు పాడినా, కుర్చీతో సహా ఆమెను ఎత్తి బల్లమీద పెట్టినా ఆ పని ఆపలేదు. మరియా లెక్కపెట్టారు. 44 సార్లు!

అంతకు ముందు అందరూ పసివాళ్లకు నిలకడ ఉండదనే అనుకునేవారు. ఈ సంఘటనతో శిక్షణ కావలసింది పిల్లలకంటే ముందు పెద్దలకేనని ఆమె గ్రహించారు. 1909లో సుమారు 100 మంది ఉపాధ్యాయులకు మొదటి శిక్షణ తరగతులు నడిపారు. పిల్లవాణ్ణి ఓపికగా గమనించడం, అతని ఎత్తుకు తగిన బల్లలు, వస్తువులు అమర్చడం, ఎలా వాడాలో ఒకసారి నెమ్మదిగా చేసి చూపించడం, ఆపైన పక్కకు తప్పుకోవడం వారికి నేర్పారు. వినడానికి తేలికగా ఉన్నా, చేతులు కట్టుకుని ఆగడమే పెద్దలకు కష్టమైన పాఠం.

మన దేశంలో ఆమె ఆలోచనలు ఆమెకంటే ముందే అడుగుపెట్టాయి. భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లోనే బాలమందిరం తెరిచారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై, 69 ఏళ్ల వయసులో, మరియా మద్రాసులోని అడయారుకు వచ్చారు. సుమారు 300 మంది శిక్షణకు చేరారు. ఆమె ఇటాలియన్‌లో చెబితే కొడుకు మారియో ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవారు.

ఇంతలో 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశస్థుడని మారియోను నిర్బంధించింది. మరియా కదలికలపైనా ఆంక్షలు పెట్టింది. ఆమె 70వ పుట్టినరోజు సందర్భంగా మారియోను విడిచిపెట్టారు. కొన్ని నెలలకని వచ్చిన ఆమె 1946 వరకు ఇక్కడే ఉండిపోయారు. అడయారులో, కొడైకెనాల్‌లో, అహ్మదాబాద్‌లో శిక్షణ ఇస్తూనే ఉన్నారు. ఆమె దగ్గర నేర్చుకున్నవారు వెయ్యికి పైనే.

1952 మే 6న నెదర్లాండ్స్‌లో ఆమె కన్నుమూశారు. ఇంట్లో చెల్లాయో తమ్ముడో చొక్కా గుండీ పెట్టుకోలేక తంటాలు పడుతుంటే, బస్సుకు ఆలస్యమవుతోందని మనం చేయి అడ్డుపెడతాం. రేపు ఒక్క అయిదు నిమిషాలు ముందే బయలుదేరదీసి, ఆ గుండీ వాళ్లనే పెట్టుకోనిద్దాం.